పై వరసకు వినపడింది

పొద్దున చూసిన రాతి నాటకశాలకు తిరిగి పోతున్న టాక్సీ. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు టూరు నడిపే అమ్మాయి, ఒకరు బడి టీచరు. డ్రైవరుకు వాళ్ళ భాష రాదు.

“లేదు మేడం, మీరు ‘ఇద్దరం’ అన్నారు. నాకు బాగా గుర్తు.”

“అన్నానమ్మా. అనలేదని నేనెక్కడన్నాను?”

“మిమ్మల్ని తప్పు పట్టడం కాదు మేడం. ఆఫీసుకు చెప్పాలి కదా, వరసగా గుర్తు చేసుకుంటున్నాను. బస్సులో ఒకటో జంట అన్నాను, ‘ఇద్దరం’ అన్నారు. రెండో జంట, ‘ఇద్దరం’. మూడో జంట దగ్గర బ్యాంకు సారు టోపీ ఆ రాళ్ళ మీద మరిచిపోయానని దిగబోయారు. మీ తలమీదే ఉంది సార్ అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఏడో జంట అని పిలిచేటప్పటికి కూడా ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వుల్లో మీరు ‘ఇద్దరం’ అన్నారు.”

“అవును.”

“అప్పుడు మీ వదిన పెద్దమ్మగారు మీ పక్కన లేరు.”

“ఈ డ్రైవరు ఇంకొంచెం తొందరగా పోతే బాగుండు.”

“చెప్పాను మేడం. ఈ రోడ్డు మీద ఇంతకంటే వేగంగా పోకూడదట. పాత గోడలు అదురుతాయట.”

“ఎండ చూడు ఎలా ఉందో. ఆవిడ మాత్రలు నా సంచిలోనే ఉన్నాయి. ఫోనూ నా దగ్గరే. నీళ్ళ సీసా కూడా.”

“అన్నీ మీకెందుకిచ్చారు?”

“ఆ మెట్ల దగ్గరే ఇచ్చేశారు. నా మోకాళ్ళు ఈ మెట్లెక్కవు, నేను కిందే కూర్చుంటా, ఇవన్నీ నువ్వు మొయ్యి, రోజూ బడికి పుస్తకాల మోత మోస్తావుగా అన్నారు. ఉక్కపోస్తోందని శాలువా కూడా తీసి నా భుజం మీద వేశారు.”

“భాష రాదు, ఫోను లేదు. ఎవరినని అడుగుతారు మేడం ఆవిడ?”

“ఆవిడకు నోరుందమ్మా. ఎక్కడైనా నెగ్గుకొస్తారు.”

“మీరు అలా అంటారు. నాకు తెలుసు, ఏం జరుగుతుందో. ఈ జంటల పద్ధతి ఆఫీసుది కాదు మేడం, నాది.”

“నీదా?”

“నాదే. ఆఫీసు చెప్పింది, బస్సు కదిలే ముందు సీటు సీటు దగ్గరికీ వెళ్ళి తలలు లెక్కపెట్టాలని. కొత్తలో అలాగే చేసేదాన్ని. నేను లెక్కపెడుతుంటే ఒకరు లేచి పైనుంచి సంచి దించుతారు, ఒకరు వెనక సీట్లో వాళ్ళకు పళ్ళు పంచడానికి పోతారు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒక్కోసారి ఒక్కో లెక్క. జంటలైతే హాయి అనుకున్నాను. ఒకరికొకరు సాక్ష్యం. మొగుడు ఎక్కకుండానే ‘ఇద్దరం’ అనే భార్య ఎక్కడైనా ఉంటుందా అని.”

“బాగా ఆలోచించావు.”

“అయ్యో, సారీ మేడం. నేను మామూలుగా...”

“పరవాలేదు.”

“సారు పోయాక లిస్టులో ఆయన పేరు తీసేసి పెద్దమ్మగారి పేరు వేసింది నేనే మేడం. అప్పుడు కూడా చాలా బాధనిపించింది. నిజంగా.”

“పరవాలేదన్నానుగా. ఆఫీసువాళ్ళు ఏమంటారు?”

“వాళ్ళు అడిగేది ఒకటే. నువ్వు లెక్కపెట్టావా? లేదు సార్. అంతే, అక్కడితో అయిపోతుంది. ఈ టూరు బాగా జరిగితే నన్ను పర్మినెంటు చేస్తామన్నారు. ఇంకేం చేస్తారు, ఇంటికి పంపిస్తారు.”

“పొరపాటు ఎవరికైనా...”

“ఈ పనిలో ఈ ఒక్క పొరపాటు మాత్రం ఉండకూడదు మేడం. రూములు బాగోకపోయినా, భోజనం ఆలస్యమైనా, ఏసీ పాడైనా సర్దిచెప్పుకోవచ్చు. మనిషిని వదిలేసి రాకూడదు. అదీ పెద్దావిడని.”

“ఒకవేళ ఎవరైనా కావాలనే తప్పు చెప్పారనుకో. లేని మనిషిని ఉన్నారని.”

“అప్పుడు వేరు. అది నా మీదికి రాదు. కానీ అలా ఎవరు చెబుతారు మేడం?”

“అడిగాను, అంతే.”

“మేడం, ఒక్కటి అడగనా? మీరు ‘ఇద్దరం’ అని ఎందుకన్నారు?”

“సీటు మీద శాలువా ఉంది. ఆవిడ దాన్ని నిండా కప్పుకుని నిద్రపోతారు. నువ్వూ చూశావుగా, దారంతా అలాగే పడుకున్నారు. పడుకున్నారనుకున్నాను.”

“అంతేనా? హమ్మయ్య. అదే చెబుదాం మేడం. నేను కూడా అటు చూస్తే శాలువా కనపడింది. సీట్లో ఎవరో ఉన్నట్టే ఉంది.”

“అవును. ఉన్నట్టే ఉంది.”

“కానీ శాలువా మీ భుజం మీద వేశారన్నారు కదా మేడం.”

“అన్నానా?”

“ఇప్పుడే అన్నారు.”

“ఎక్కాక సీటు మీద పెట్టి ఉంటాను.”

“మరి భోజనాల దగ్గర? బ్యాంకు సారు భార్య మీ వదినగారేరని అడిగితే, వస్తున్నారన్నారట. నిద్రపోతున్న మనిషిని లేపకుండానే దిగారా?”

“లేపితే విసుక్కుంటారు.”

“ఆవిడ ప్లేటు ఖాళీగా ఉందని నేను వచ్చి అడిగేదాకా మీరు తింటూనే... సారీ మేడం. నేను ఎక్కువ మాట్లాడుతున్నాను.”

“తినలేదు. కలుపుతూ కూర్చున్నాను. అడుగు. అడగాల్సినవన్నీ సరిగ్గానే అడుగుతున్నావు. నా క్లాసులో ఉండి ఉంటే నిన్ను లీడర్ని చేసేదాన్ని.”

“ఏం అడగను మేడం. మీరు ఏం చెబితే అదే ఆఫీసుకు చెబుతాను.”

“పొద్దున నువ్వేమన్నావు? కింద మధ్యలో ఉన్న గుండ్రటి రాయి మీద నిలబడి కాగితం చింపితే, ఆ చప్పుడు పై వరసకు వినపడుతుందన్నావు. అందుకే మమ్మల్నందరినీ పైకి ఎక్కించావు.”

“అవును మేడం. మైకులు లేని రోజుల్లో అంత మంది జనానికి నాటకం ఎలా వినపడిందో చూపిద్దామని.”

“చింపావా మరి?”

“లేదు మేడం. అందరూ దిగిపోయారు కదా.”

“ఎందుకు దిగిపోయారు?”

“ఎండ మేడం.”

“ఎండేనా?”

“ఎండే. బండలు కాలుతున్నాయన్నారు.”

“నీకేమైనా వినపడిందా పైన?”

“నాకా? లేదు మేడం. గాలికి ఏమీ వినపడలేదు.”

“గాలి లేదమ్మా. ఆకు కదలలేదు. నువ్వూ మాతో పాటే పైన ఉన్నావు. కింద గుండ్రటి రాయి మీద మా వదిన, బ్యాంకాయన భార్య. ఇద్దరూ మెల్లగానే మాట్లాడుకుంటున్నారు, పాపం, వాళ్ళకేం తెలుసు. ‘మొగుడు పోతే ఒక్క బొట్టు కన్నీరు రాల్చలేదమ్మా మా మరదలు. వారం తిరక్కుండా బడికి పోయి పేపర్లు దిద్దుకుంది. దాని గుండె కంటే ఈ రాళ్ళు నయం, ఎండకైనా కాగుతాయి.’ అంతేనా? నేనేమైనా వదిలేశానా?”

“మేడం, వదిలేయండి.”

“వినపడిందా లేదా?”

“వినపడింది మేడం.”

“అందరికీ వినపడింది. ఎవరూ నా వైపు చూడలేదు. డాక్టరుగారి భార్య బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. ఆ తర్వాత ఎండ వచ్చింది మీకు.”

“అందుకని మీరు... బస్సులో...”

“శాలువా చూసి పొరపడ్డానని చెప్పమన్నావుగా.”

“నేను చెప్పమనలేదు మేడం. మీరే చెప్పారు.”

“అవును. నేనే చెప్పాను. మా బడిలో పక్కవాడు రాకపోయినా వాడి పేరుకు హాజరు పలికే పిల్లలుంటారు. వాళ్ళను బెంచీ ఎక్కించేదాన్ని. పీరియడు అయ్యేదాకా దించేదాన్ని కాదు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు మేడం?”

“ఊరికే. గేటు అదేనా?”

“అదే. అదిగో, టిక్కెట్ల గది. మేడం, ఉన్నారు. కుర్చీలో. ఉన్నారు మేడం, పెద్దమ్మగారు ఉన్నారు.”

“చూశాను. నువ్వు ముందు దిగు.”

రాతి నాటకశాల గేటు. టిక్కెట్ల గది పక్కన ఉన్న కాస్త నీడలో కుర్చీ వేసుకుని పెద్దావిడ. టీచరు ఆమె తమ్ముడి భార్య.

“వచ్చారా? రండి, రండి. ఈ రాళ్ళతో పాటు నన్ను కూడా టిక్కెట్టు పెట్టి చూపించుకుంటారేమో అనుకుంటున్నాను.”

“పెద్దమ్మగారూ, బాగున్నారా? కళ్ళు తిరగడం గానీ...”

“నాకేమవుతుంది? ఆ టిక్కెట్లాయన ధర్మమా అని కుర్చీ దొరికింది. నీళ్ళిచ్చాడు. ఆయన భాషలో ఆయన, నా భాషలో నేను, ఇంతసేపూ మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఆయనకు ఎడమది పట్టేసింది. నాకు రెండూ. నాదే పైచెయ్యి.”

“వదినా.”

“నువ్వుండు. నీ సంగతి తర్వాత. ముందు ఈ పిల్ల సంగతి తేలనీ. ఏమ్మా, నీ ఉద్యోగం ఏమిటి?”

“క్షమించండి పెద్దమ్మగారూ. నాదే తప్పు.”

“నీదే. మేకలు కాసేవాడు కూడా దొడ్లోకి తోలే ముందు ఓసారి తలలు చూసుకుంటాడే. నువ్వు చదువుకున్నదానివి, మెళ్ళో ఆ బిళ్ళొకటి వేలాడేసుకున్నావు. మనిషిని కళ్ళతో చూసి లెక్కపెట్టాలా, ఒకరు చెబితే విని రాసుకోవాలా?”

“చూసి లెక్కపెట్టాలి.”

“పెట్టావా?”

“లేదండీ.”

“వదినా, ఆ అమ్మాయిని అనకండి.”

“ఎందుకనకూడదు? ఎండలో నన్ను వదిలేసి పోతే నీ బడి పిల్లలా నువ్వు సైగ చేస్తే ఊరుకోవాలా?”

“పిలిచినప్పుడు పలికింది నేను.”

“పలుకుతావు. శాలువా పరిచి ఉంటే నేను పడుకున్నాననుకుని ఉంటావు. అందులో వింతేముంది? నీకసలే ధ్యాస ఉండదు ఈ మధ్య. ధ్యాస లేనిదాన్ని అడగడమేమిటి, ఈ పిల్ల లేచి వచ్చి చూసుకోవాలి గానీ.”

“మేడం కూడా అదే అన్నారు పెద్దమ్మగారూ. శాలువా చూసి...”

“చూశావా, అదే అంది. ఇంక దాన్ని ఎవరూ పీక్కు తినకండి.”

“వదినా, నా మాట ఒక్కటి...”

“నీ మాట బస్సులో వింటాను. ఏమిటా మోత? ఎవరిదా ఫోను?”

“నాదే. మా మేనేజరు సారు. బస్సులో వాళ్ళెవరో అప్పుడే చెప్పేసినట్టున్నారు. హలో సార్. ఆ, దొరికారు సార్. బాగున్నారు. లేదు సార్, నేను... లెక్కపెట్టలేదు సార్. అవును సార్, తెలుసు. సారీ సార్. ఇదిగో, ఇక్కడే ఉన్నారు. పెద్దమ్మగారూ, సారు మీతో మాట్లాడతారట.”

“ఇటు తే. హలో. ఆ, నేనే, మీరు పారేసుకున్న మనిషిని. దొరికాను, దొరికాను. బాగానే ఉన్నాను. ఏమిటీ? ఆ, మీ పిల్లదే తప్పు. చిన్నదే పాపం, కానీ తప్పు తప్పే. పక్కనెవరు కూర్చున్నారా? మా మరదలు. దానికేం సంబంధం? సీటు మీద నా శాలువా ఉంది, నేనే అనుకుంది. మొగుడు పోయి ఇంకా ఏడాది కాలేదు, దానికేం తెలుస్తుంది. దాన్ని లాగకండి మధ్యలోకి.”

“ఆ ఫోను ఇవ్వండి వదినా.”

“ఉండవే, మాట్లాడుతున్నానుగా.”

“ఇవ్వండి.”

“దీనికి ఎండ తగిలిందండీ, ఏదేదో మాట్లాడుతుంది. మీరు పట్టించుకోకండి. వదులు, చెయ్యి వదులు.”

“నమస్కారమండీ. ఆవిడ మరదలిని. పక్క సీటు నాది. శాలువా కాదండీ. ఆవిడ బస్సెక్కలేదని నాకు తెలుసు. తెలిసే ‘ఇద్దరం’ అన్నాను.”

“దానికి మతి లేదండీ.”

“లేదండీ, మతి ఉండే చెబుతున్నాను. పొరపాటు కాదు. శాలువాను సీటు మీద పరిచింది కూడా నేనే, మనిషి ఉన్నట్టు కనపడాలని. అవునండీ. భోజనాల దగ్గర అడిగితే వస్తున్నారని చెప్పాను. అది రెండో అబద్ధం. ఈ అమ్మాయికి టాక్సీలో ఇంకోటి చెప్పాను. ఆ అమ్మాయి నన్ను నమ్మింది, అంతకంటే చేసింది లేదు. వినపడుతోందా? అలాగే, కాగితం మీద రాసిస్తాను. సంతకం పెడతాను. కారణమా? అది ఇంటి విషయమండీ. అది రాయను. నన్ను ఇక్కడి నుంచే ఇంటికి పంపించేస్తానంటే వెళతాను. సరే. ఇదిగో, అమ్మాయికిస్తున్నాను.”

“సార్. ఆ సార్. తెలియదు సార్, నాకూ ఇప్పుడే... సరే సార్. రేపటి నుంచి సీటు సీటు దగ్గరికీ వెళతాను సార్. థాంక్యూ సార్.”

“ఏమన్నారమ్మా?”

“టూరు పూర్తి చేసుకుని రమ్మన్నారు మేడం. తర్వాత మాట్లాడదామన్నారు. గొంతు మారింది, ఇందాకటి కోపం లేదు.”

“మంచిది.”

“మేడం, మీరు ఇలా చెప్పకపోయినా... బస్సులో అందరికీ తెలిసిపోతుంది మేడం. మీ గురించి ఏమనుకుంటారు?”

“ఎవరో చెబితే తెలియడం ఎందుకు? ఎక్కగానే నేనే చెబుతాను. మైకు ఒకసారి ఇవ్వు.”

“వద్దు మేడం.”

“నేను ‘ఇద్దరం’ అన్నది వాళ్ళందరూ విన్నారు. ఇది కూడా వింటారు.”

“పెద్దమ్మగారూ, మీరైనా చెప్పండి.”

“నేనేం చెప్పను? ఏం చూస్తున్నావు నా మొహం? పో, ఆ టాక్సీని నీడలో పెట్టమను. సీటు కాలితే నేను కూర్చోను.”

“వెళుతున్నానండీ.”

“ఇదిగో, పిల్లా.”

“ఏమిటండీ?”

“నిన్నన్నవి మనసులో పెట్టుకోకు.”

“లేదండీ.”

“ఆ మేకల మాట కూడా.”

“సరేనండీ.”

ఆ అమ్మాయి వెళ్ళింది. కుర్చీ దగ్గర ఇద్దరూ మిగిలారు.

“నీళ్ళు తాగండి.”

“తాగాను. ఆయనిచ్చాడన్నానుగా.”

“మాత్ర వేసుకోవాలి. తినకుండా వేసుకోకూడదు, బిస్కెట్లున్నాయి, రెండు తినండి.”

“ఇటివ్వు.”

“రెండు తినండి.”

“తింటున్నానుగా. నిలబడతావేమిటి, ఆ గట్టు మీద కూర్చో.”

“నిలబడతాను.”

“బెంచీ ఎక్కించినట్టు నిలబడకు. కూర్చో.”

“ఏమైనా అనండి వదినా. తిట్టండి.”

“అనాల్సిందేదో పొద్దునే అనేశానుగా.”

“ఏమిటన్నారు?”

“ఏం లేదు. మాత్ర చేదుగా ఉంది.”

“ఆ అమ్మాయిని అన్ని మాటలనాల్సింది కాదు.”

“ఎవరినో ఒకరిని అనకపోతే అందరూ నిన్నడుగుతారు.”

“అడగనీయండి.”

“నా తమ్ముడి పెళ్ళాన్ని పదిమందీ చుట్టూ చేరి అడుగుతుంటే నేను చూస్తూ కూర్చోవాలా? ఇప్పుడేమైంది? చెప్పొద్దు చెప్పొద్దు అంటున్నా నెత్తిన వేసుకున్నావు. బస్సెక్కగానే మైకు పట్టుకుంటుందట. ఎన్ని రోజులుంది ఇంకా ఈ టూరు? అన్ని రోజులూ వాళ్ళ మొహాలు చూడొద్దా?”

“చూడాలి.”

“ఎలా చూస్తావు?”

“తెలియదు. మీ మొహమే చూడలేకపోతున్నాను.”

“నా మొహంలో చూడటానికేముంది. చెమట.”

“వదినా, శాలువా సంగతి మీకెలా తెలుసు?”

“నా శాలువా నాకు తెలియదా?”

“అది సీటు మీద పరిచి ఉందని.”

“నువ్వే అన్నావుగా ఫోనులో.”

“నేనన్నది తర్వాత. మేము రాగానే మీరన్నారు, పరిచి ఉంటే మీరు పడుకున్నారని నేను అనుకుని ఉంటానని. అప్పటికి ఎవరూ మీకు చెప్పలేదు.”

“పొద్దున నేనే వేసి దిగి ఉంటాను.”

“మెడకు చుట్టుకుని దిగారు. మెట్ల దగ్గర తీసి నాకిచ్చారు.”

“ఏమో. ముసలితనం. నన్నేమిటి పరీక్ష పెడుతున్నావు? ఇవాళ తప్పు చేసింది నువ్వా నేనా?”

“నేనే.”

“మరి నోర్మూసుకుని ఒక బిస్కెట్ తిను. నువ్వు కూడా తిని ఉండవు.”

“అలవాటు కొద్దీ అనలేదు వదినా. ఇన్నేళ్ళు ఆయనతో తిరిగిన అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసిందని చెబితే ఎవరైనా నమ్ముతారు. జాలి కూడా పడతారు. టాక్సీలో ఆ మాట నోటిదాకా వచ్చింది. శాలువా అబద్ధం కంటే అది బాగుంటుందనిపించింది. అంత దూరం పోయాను చూడండి, ఆయన్ను కూడా వాడుకుందామని.”

“వాడుకోలేదుగా.”

“లేదు.”

“అంతే మరి.”

“ఆ సీటు ఆయన కోసం తీసుకున్నది. కిటికీ వైపు నీకు, కాళ్ళు చాపుకోవడానికి ఇటువైపు నాకు, అన్నారు. మీరు దాంట్లో కూర్చున్నారని కోపం లేదు, నిజంగా లేదు. ఎక్కి చూస్తే ఖాళీగా ఉంది. కాసేపు అలాగే ఉండనీ అనిపించింది. ఎవరూ మాట్లాడకుండా. ఎవరూ నన్ను చూడకుండా.”

“ఉందా మరి?”

“ఏమిటి?”

“బాగుందా కాసేపు?”

“లేదు. రెండు మలుపులు తిరిగామో లేదో, మీ మాత్రలు నా ఒళ్ళో ఉన్నాయని గుర్తొచ్చింది. అప్పుడైనా లేచి చెప్పొచ్చు. నోరు రాలేదు. మలుపు మలుపుకీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. చివరికి ఆ ప్లేటు ముందు కూర్చున్నాను.”

“పోనీలే.”

“ఆయన పేపర్లోంచి ఒక ఫోటో కత్తిరించి పెట్టుకున్నారు, గుర్తుందా? ఈ మెట్లదే.”

“గోడకు అంటించాడు. సున్నం ఊడుతుందని నువ్వు గొడవ చేశావు.”

“చేశాను. ఆయనేమనేవారో తెలుసా? నిన్ను అన్నిటికంటే పై వరసలో కూర్చోబెట్టి, నేను కింద ఆ రాయి మీద నిలబడి మెల్లగా పిలుస్తాను, ఇంట్లో పది కేకలేసినా పలకవుగా, ఇక్కడ పలుకుతావో లేదో చూస్తాను అనేవారు.”

“వాడి వేళాకోళాలు.”

“అందుకే ఎక్కాను వదినా అంత పైకి. ఆ అమ్మాయి కాగితం చప్పుడు కోసం కాదు. అందరూ మధ్యలోనే కూర్చుంటే నేను చివరి మెట్టు దాకా వెళ్ళాను. ఎవరూ పిలవరని నాకు తెలియదా? తెలుసు. అయినా చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. పిచ్చిదానిలా కళ్ళు కూడా మూసుకున్నాను. ఏడవడం రాక కాదు. బడిలో ఎలా ఉన్నావని ఎవరూ అడగరు. పిల్లలు లెక్క తప్పు చేస్తారు, దిద్దుతాను. అంతవరకు గడుస్తుంది. అందుకు వెళ్ళాను, వారం తిరక్కుండా.”

“ఇప్పుడా లెక్కలన్నీ ఎందుకే?”

“మీ మాట పై వరసకు వినపడింది వదినా.”

“తెలుసు.”

“తెలుసా?”

“ఊఁ.”

“ఎవరు చెప్పారు? బ్యాంకాయన భార్యా?”

“ఆవిడకే తెలియదు. పైకి వినపడుతుందని మా ఇద్దరిలో ఎవరికి తెలుసు?”

“మరి?”

“ఎవరూ చెప్పలేదు. టాక్సీ వచ్చినట్టుంది, పద. చెయ్యివ్వు, లేస్తాను.”

“వదినా, ఫోనులో నేను అంతా చెప్పలేదు. ఒకటి దాచుకున్నాను.”

“ఆ ఒక్కటీ చెప్పకు. మైకులో కూడా చెప్పకు.”

“అదేమిటో మీకు తెలియదు.”

“నా మోకాళ్ళు మెల్లగా నడుస్తాయి గానీ, అసలు నడవవని ఎవరన్నారు? బస్సు దాకా వచ్చాను నేను. ఇంజను ఆన్‌లో ఉంది, లోపల అందరూ దేనికో నవ్వుతున్నారు. నీ కిటికీ కిందే నిలబడ్డాను. సీటు మీద శాలువా కనపడింది. అద్దం మీద కొడదామని చెయ్యి ఎత్తాను. నువ్వు నన్ను చూశావు.”

“వదినా.”

“చూసి, తెర లాగేశావు. నా మాట పైదాకా వచ్చిందని అప్పుడు తెలిసింది. ఇంక ఏ మొహం పెట్టుకుని కొట్టను? ఎత్తిన చెయ్యి దించుకున్నాను.”